పంటలకు హాని చేసే జంతువుల నియంత్రణలో రైఫిల్ గొట్టం ఎంపిక: బరువు, తేలిక గొట్టాల తులనాత్మక పరిశీలన

సారాంశం

పంటలను నాశనం చేసే అడవి జంతువులను చట్టబద్ధమైన అనుమతితో కాల్చి తొలగించవలసి వచ్చినప్పుడు, వాడే రైఫిల్‌కు బరువైన గొట్టం ఉండాలా, తేలికైన గొట్టం ఉండాలా అన్న ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలించడమైనది. గొట్టపు మందం పెరిగిన కొద్దీ దృఢత్వం, వేడిని తట్టుకునే శక్తి ఏ మేరకు పెరుగుతాయో లెక్కల ద్వారా చూపడమైనది. ఒకే చోట కూర్చుని చిన్న జంతువులను దూరం నుంచి వరుసగా కాల్చే ప్రాంతాలకు బరువైన గొట్టం తగినది. ఒకటి రెండు గుండ్లతో పని ముగియవలసిన అడవిపందుల నియంత్రణలో తేలిక లేదా మధ్యరకం గొట్టం చాలును. ఏ గొట్టమైనా అసలు పరీక్షించవలసినది, చల్లగా ఉన్న గొట్టం నుంచి వెలువడే మొదటి గుండు ఎక్కడ తగులుతుందన్నదే.

ముఖ్య పదాలు: సకశేరుక చీడలు, అడవిపంది, రైఫిల్ గొట్టం, దృఢత్వం, ఉష్ణ ప్రభావం, మొదటి గుండు.

1. ఉపోద్ఘాతం

పంటను తినే పురుగుకు మందు చల్లవచ్చును. తెగులుకు తట్టుకునే వంగడాన్ని ఎంచుకోవచ్చును. రాత్రికి రాత్రి గుంపుగా వచ్చి వేరుశనగ చేనును పెళ్లగించి, మొక్కజొన్నను పడదొక్కి పోయే అడవిపంది విషయంలో ఈ రెండు మార్గాలూ పనికిరావు. తెలుగు రాష్ట్రాలలో అడవి అంచున సేద్యం చేసే రైతుకు వరి, మొక్కజొన్న, వేరుశనగ, చెరకు పంటలలో ఈ నష్టం కొత్తది కాదు. పంట చేతికి వచ్చే నెలలో రాత్రంతా చేను వద్ద కాపలా ఉండటం అనేక గ్రామాలలో నేటికీ తప్పని పని.

వెన్నెముక గల జంతువులు పంటకు చీడలుగా మారినప్పుడు తుపాకీ ఒక్కటే వాటి సంఖ్యను అదుపు చేసిన దాఖలాలు తక్కువ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతంలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి 1859లో వేట వినోదం కోసం కొద్దిపాటి ఐరోపా కుందేళ్లను వదిలాడు. వాటి సంతతి కొన్ని దశాబ్దాలలోనే ఆ ఖండంలో అధిక భాగానికి వ్యాపించింది. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 1907 నాటికి 1,800 కిలోమీటర్లకు పైగా పొడవున్న కంచెను నిర్మించవలసి వచ్చింది. 1950లో మిక్సోమటోసిస్ అనే వైరస్ వ్యాధిని వాటిలో వ్యాపింపజేసిన తరువాతనే కుందేళ్ల సంఖ్య గణనీయంగా తగ్గింది. అంతకుముందు దశాబ్దాల తరబడి జరిగిన కాల్పులు, ఉచ్చులు ఆ పని చేయలేకపోయాయి.

కనుక తుపాకీ సమగ్ర యాజమాన్యంలో చివరి అంశం మాత్రమే. హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా సకశేరుక చీడలపై పనిచేస్తున్న అఖిల భారత నెట్‌వర్క్ ప్రాజెక్టు, మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్లు గల కుసుమ పంటను అడ్డు వరుసలుగా వేయడం వంటి పద్ధతులను సూచించింది. ముళ్ల కంచె, సౌర కంచె కూడా వాడుకలో ఉన్నాయి. ఇవన్నీ అమలు చేసిన తరువాత కూడా నష్టం ఆగని చోట, అధికారుల అనుమతితో, అర్హత గల షూటర్ల ద్వారా కొన్ని జంతువులను తొలగించవలసి రావచ్చును. ఆ సందర్భంలో షూటర్ చేతిలోని ఆయుధం ఎటువంటిదన్న ప్రశ్న వస్తుంది. గాయపడి తప్పించుకున్న అడవిపంది తెల్లవారి పొలానికి వచ్చే కూలీల పాలిట ప్రాణాంతకం. గురి తప్పిన గుండు పక్క చేనులో కాపలా ఉన్న మనిషికి ప్రాణాంతకం. కాబట్టి ఈ ఎంపికను కేవలం వేటగాళ్ల అభిరుచికి వదిలివేయడం తగదు. అనుమతి ప్రక్రియలో పాలుపంచుకునే వ్యవసాయ, అటవీ సిబ్బందికి కూడా దీనిపై కనీస అవగాహన అవసరం.

2. గొట్టం బరువు వలన మారే అంశాలు

రైఫిల్ గొట్టం అంటే లోపల మెలిక గాడులు గల ఉక్కు నాళం. ఆ గాడుల వలన గుండు తన చుట్టూ తాను తిరుగుతూ నిలకడగా సాగుతుంది. ఒకే రకం తూటాను కాల్చే రెండు గొట్టాలలో రంధ్రం సమానంగానే ఉంటుంది. భేదమంతా గోడ మందంలో ఉంటుంది. చేతిలో పట్టుకుని తిరిగే వేట రైఫిళ్లకు మూతి వైపు సన్నబడే తేలిక గొట్టం, ఆధారంపై ఉంచి కాల్చే రైఫిళ్లకు మూతి వరకు దాదాపు ఒకే మందం గల బరువైన గొట్టం అమర్చడం సాధారణం.

ఈ భేదాన్ని అంకెలలో చూడటానికి, 61 సెంటీమీటర్ల పొడవు, 5.7 మిల్లీమీటర్ల రంధ్రం గల రెండు గొట్టాలను ఉదాహరణగా తీసుకోవడమైనది. లెక్క సులువు కోసం రెండూ ఆసాంతం ఒకే మందంతో ఉన్నాయని భావించడమైనది. అసలు గొట్టాలు తూటా ఉండే మొదలు వద్ద మరింత మందంగా ఉంటాయి కనుక వాటి బరువు ఈ అంకెల కంటె ఎక్కువగా ఉంటుంది.

పట్టిక 1. తేలిక, బరువు గొట్టాల పోలిక (లెక్కకట్టిన విలువలు)

| అంశం | తేలిక గొట్టం | బరువైన గొట్టం | నిష్పత్తి |
|---|---|---|---|
| బయటి వ్యాసం (మి.మీ.) | 14 | 22 | 1.57 |
| బరువు (కి.గ్రా.) | 0.62 | 1.70 | 2.76 |
| వంగకుండా నిలిచే దృఢత్వం (సాపేక్ష విలువ) | 1.0 | 6.2 | 6.2 |
| బయటి ఉపరితలం (చ.సెం.మీ.) | 268 | 422 | 1.57 |
| ఒక గుండుకు పెరిగే సగటు ఉష్ణోగ్రత (డిగ్రీల సెల్సియస్) | 5.4 | 2.0 | 0.36 |

2.1 దృఢత్వం

నాళం వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసపు నాలుగవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. అందువలన బరువు 2.76 రెట్లు పెరిగినప్పుడు దృఢత్వం 6 రెట్లకు పైగా పెరిగింది. తూటా పేలిన క్షణంలో గొట్టం కొరడా వలె కంపిస్తుంది. గుండు మూతిని దాటే సమయానికి మూతి ఏ దిశలో ఉన్నదో గుండు ఆ దిశలో పోతుంది. దృఢమైన గొట్టంలో ఈ కంపన విస్తారం తక్కువ కనుక, తూటాకు తూటాకు మధ్య ఉండే చిన్న తేడాలు గురిపై తక్కువ ప్రభావం చూపుతాయి.

దృఢత్వం పెంచడానికి మందం ఒక్కటే మార్గం కాదు. ఒకే మందం గల గొట్టాన్ని పొట్టిగా చేసినా మూతి కదలిక తగ్గుతుంది. మూతి వద్ద పడే ఒకే బలానికి కలిగే వంపు, పొడవు యొక్క మూడవ ఘాతాన్ని అనుసరిస్తుంది. గొట్టాన్ని 61 నుంచి 51 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఆ వంపు సుమారు 58 శాతానికి పడిపోతుంది. దీనికి ప్రతిగా గుండు వేగం కొంత తగ్గుతుంది. .30-06 వంటి తూటాలలో ప్రతి 2.5 సెంటీమీటర్ల పొడవుకు ఈ తగ్గుదల సెకనుకు 6 నుంచి 9 మీటర్ల వరకు ఉండటం సాధారణం. వంద మీటర్లలోపు కాల్చే పనికి ఈ నష్టం లెక్కలోనికి రాదు. తేలిక గొట్టం కావలెనని కోరుకునేవారు సన్నని పొడవు గొట్టం కంటె, మధ్యరకం మందం గల పొట్టి గొట్టాన్ని ఎంచుకోవడం మేలు.

2.2 వేడి

తూటాలోని మందు కాలినప్పుడు వెలువడే శక్తిలో కొంత గుండుకు, ఎక్కువ భాగం మూతి నుంచి పోయే వాయువులకు చేరుతుంది. మిగిలినది గొట్టాన్ని వేడి చేస్తుంది. .223 తూటాలో సుమారు 1.6 గ్రాముల మందు ఉంటుంది. ఆ శక్తిలో నాలుగవ వంతు, అనగా సుమారు 1.6 కిలోజౌళ్లు గొట్టానికి చేరుతుందనుకుంటే, పట్టికలోని తేలిక గొట్టం ఒక్కొక్క గుండుకు 5.4 డిగ్రీలు, బరువైనది 2 డిగ్రీలు వేడెక్కుతాయి. విరామం లేకుండా 10 గుండ్లు కాల్చితే ఇది వరుసగా 54, 20 డిగ్రీలవుతుంది. లోపలి గోడ వేడి దీనికంటె ఎంతో ఎక్కువగా ఉంటుంది.

వేడి వలన మూడు ఇబ్బందులు కలుగుతాయి. మొదటిది, తయారీలో ఉక్కులో మిగిలిపోయిన ఒత్తిడులు వేడికి సడలి గొట్టం స్వల్పంగా వంగుతుంది. సన్నని గొట్టంలో గుండ్లు వరుసగా ఒకే వైపుకు జరుగుతూ పోవడానికి తరచు ఇదే కారణం. రెండవది, వ్యాకోచించిన గొట్టం కింది చెక్కను తాకి పక్కకు నెట్టబడుతుంది. మూడవది, గొట్టంపై నుంచి లేచే వేడిగాలి దుర్భిణిలో దృశ్యాన్ని ఎండమావి వలె కదిలిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. బరువైన గొట్టం త్వరగా చల్లబడుతుందని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. అది నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతే నెమ్మదిగా చల్లబడుతుంది. పట్టికలో బరువు 2.76 రెట్లు పెరిగినా, వేడిని బయటకు వదిలే ఉపరితలం 1.57 రెట్లు మాత్రమే పెరిగింది. ఒకే ఉష్ణోగ్రతకు చేరిన తరువాత బరువైన గొట్టం చల్లబడటానికి సుమారు 1.8 రెట్ల సమయం పడుతుంది. దాని మేలు మొదటి పది, పదిహేను గుండ్లలో ఉంటుంది. ఆ తరువాత దానికీ విశ్రాంతి కావలసిందే. కొన్ని బరువైన గొట్టాలకు వెలుపల పొడవునా గాడులు తీయడం కొంత బరువు తగ్గించి ఉపరితలం పెంచడానికే.

2.3 వెనుతన్ను, తూకం

రైఫిల్ బరువు పెరిగితే వెనుతన్ను తగ్గుతుంది. 9.7 గ్రాముల గుండును సెకనుకు 880 మీటర్ల వేగంతో పంపే .30-06 తూటాను 3.5 కిలోల రైఫిల్‌లో కాల్చినప్పుడు వెనుతన్ను శక్తి సుమారు 24 జౌళ్లు. గొట్టపు మందం వలన రైఫిల్ 4.6 కిలోలైతే అది సుమారు 19 జౌళ్లకు తగ్గుతుంది. వెనుతన్నుకు జంకి ట్రిగ్గర్‌ను అదాటున లాగే అలవాటు గలవారికి ఇది నిజమైన మేలు.

అయితే ఆ అదనపు కిలో అంతా ముందువైపే చేరుతుంది. మూతి బరువుగా ఉంటే ఆధారంపై ఉంచినప్పుడు నిలకడ పెరుగుతుంది. నిలబడి చేతులతో పట్టి కాల్చినప్పుడు కొద్ది క్షణాలలోనే చేయి అలసి మూతి కిందికి జారుతుంది. చీకటిలో గట్లపై, బురదలో, ముళ్లకంపల మధ్య నడిచే మనిషికి ఆ బరువు నడకనే కష్టతరం చేస్తుంది. అలసి ఎగశ్వాసతో ఉన్న షూటర్ చేతిలో ఎంత కచ్చితమైన గొట్టమైనా తన కచ్చితత్వాన్ని చూపలేదు.

3. ఎంత కచ్చితత్వం అవసరం?

రైఫిల్ కచ్చితత్వాన్ని సాధారణంగా కోణపు నిమిషాలలో కొలుస్తారు. ఒక డిగ్రీలో అరవయ్యవ వంతు కోణపు నిమిషం. అది 100 మీటర్ల దూరంలో 29 మిల్లీమీటర్ల వెడల్పుకు సమానం. ఈ కొలతను జంతువు ప్రాణస్థానపు వెడల్పుతో పోల్చి చూస్తే గొట్టం ఎంపిక చాలా వరకు తేలిపోతుంది.

కుందేలు తలపై గురిపెట్టవలసిన భాగం 4 నుంచి 5 సెంటీమీటర్లకు మించదు. 150 మీటర్ల దూరంలో 1 కోణపు నిమిషపు చెదురు గల రైఫిల్ ఆ వెడల్పునంతటినీ వాడేసుకుంటుంది. షూటర్ చేతి వణుకుకు, గాలికి ఇక చోటు మిగలదు. అటువంటి పనికి గొట్టంలోని ప్రతి స్వల్ప మెరుగుదలకూ విలువ ఉన్నది.

ఎదిగిన అడవిపంది గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది. గుండె ముందుకాళ్ల మధ్య, ఛాతీలో బాగా కిందికి ఉంటుంది. చేను అంచున కాల్చే దూరం సాధారణంగా 60 మీటర్లకు లోపు ఉంచవలెను. ఆ దూరంలో 2 కోణపు నిమిషాల చెదురు గల మామూలు వేట రైఫిల్ గుండ్లను 3.5 సెంటీమీటర్ల వలయంలో పెడుతుంది. ఆ చెదురును సగానికి తగ్గించే బరువైన గొట్టం వలన ఇక్కడ కలిసివచ్చేది 2 సెంటీమీటర్ల లోపు. ఆధారం లేకుండా నిలబడి కాల్చే షూటర్ చేతి వణుకు దీనికి అనేక రెట్లు ఉంటుంది. కిలో బరువు గల ఉక్కుతో సాధించే మేలు కంటె, ఒక కర్ర ఊతంతో సాధించే మేలు ఇక్కడ ఎక్కువ.

4. బరువైన గొట్టం తగిన సందర్భాలు

బరువైన గొట్టం ఎక్కడ పుట్టి పెరిగిందో తెలిస్తే దాని ఉపయోగమూ, పరిమితులూ అర్థమవుతాయి. అమెరికాలోని మహా మైదానాలలో ప్రెయిరీ డాగ్ అనే ఉడుత కుటుంబపు జంతువు బొరియలు చేసుకుని వేల సంఖ్యలో ఒకే చోట నివసిస్తుంది. పచ్చికను తిని పశువుల మేతకు పోటీ అవుతుందని పశుపోషకుల ఫిర్యాదు. అక్కడ షూటర్ ఒక బల్ల ముందు కూర్చుని, రైఫిల్‌ను ఇసుక సంచులపై ఉంచి, 200 నుంచి 300 మీటర్ల దూరంలో తల ఎత్తిన జంతువును కాలుస్తాడు. ఒక రోజులో వంద గుండ్లకు పైగా కాల్చడం సాధారణం. నడక లేదు, మోత లేదు. గురి చిన్నది, దూరం ఎక్కువ, గుండ్లు అనేకం. బరువైన గొట్టం కోరే షరతులన్నీ అక్కడ ఉన్నాయి. అంతటి గొట్టాలు గలవారు కూడా రెండు మూడు రైఫిళ్లు తెచ్చుకుని, ఒకటి చల్లబడే లోపు మరొకటి వాడుతారు. పై లెక్కలో చూపిన నెమ్మదైన చల్లబాటు ఇందుకు కారణం. అదే ప్రెయిరీ డాగ్‌పై ఆధారపడి బతికే నల్లకాళ్ల ఫెరెట్ అంతరించిపోయే దశకు చేరిన విషయాన్ని కూడా ఇక్కడ గుర్తుంచుకోవలెను. చీడ అన్న పేరు పెట్టిన జంతువు మరొక జీవికి ఆహారం కావచ్చును.

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఒటాగో ప్రాంతంలో కుందేళ్ల బెడద పందొమ్మిదవ శతాబ్ది నుంచి ఉన్నది. 1876లోనే అక్కడ కుందేళ్ల నివారణకు చట్టం చేశారు. రాత్రివేళ వాహనంపై నుంచి దీపపు వెలుగులో .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌తో కాల్చడం అక్కడ వాడుకలో ఉన్న పద్ధతులలో ఒకటి. ఈ తూటాలో మందు సుమారు ఒక గ్రాములో పదవ వంతు మాత్రమే. కనుక ఎన్ని గుండ్లు కాల్చినా వేడి సమస్య దాదాపు లేనట్లే. అటువంటి రైఫిల్‌కు బరువైన గొట్టం అమర్చితే అది నిలకడ కోసమే గాని వేడి నివారణ కోసం కాదు. ఒకే ప్రాంతంలో, ఒకే జంతువుపై, తూటా మారినంత మాత్రాన గొట్టం బరువుకు గల కారణం మారిపోవడం గమనించదగినది.

5. అడవిపందుల నియంత్రణ: మన పరిస్థితి

మన పొలాలలో పరిస్థితి పై రెండింటికీ భిన్నం. అడవిపందులు చీకటి పడిన తరువాత గుంపుగా వస్తాయి. మొదటి గుండు శబ్దంతో గుంపు చెదిరిపోతుంది. ఆ తరువాత పరుగెత్తే జంతువులపై చీకటిలో కాల్చడం ఎవరికీ క్షేమం కాదు. షూటర్‌కు దక్కే సక్రమమైన అవకాశం ఒక గుండు, గాయపడిన జంతువు కదలక నిలిచి ఉంటే మరొకటి. మొదలు వద్ద మందంగా ఉండి మొత్తం 1.2 కిలోలు తూగే మామూలు వేట గొట్టంతో .30-06 తూటాలు మూడు వరుసగా కాల్చినా సగటున 18 డిగ్రీల లోపే వేడెక్కుతుంది. కాబట్టి వేడిని తట్టుకోవడం కోసం బరువైన గొట్టం మోయవలసిన అవసరం ఇక్కడ లేదు.

ఇంకొక వాస్తవాన్ని కూడా చెప్పుకోవలెను. విదేశీ తుపాకుల దిగుమతిపై గల ఆంక్షల వలన మన దేశంలోని లైసెన్సుదారుకు గొట్టం రకాన్ని ఎంచుకునే అవకాశం పరిమితం. ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో తయారయ్యే .315 స్పోర్టింగ్ రైఫిల్ మన షూటర్ల వద్ద విరివిగా కనిపిస్తుంది. కొందరి వద్ద .30-06 రైఫిల్ ఉంటుంది. ఇవి చేత మోసి తిరగడానికి ఉద్దేశించిన వేట గొట్టాలు గలవి. పై చర్చను బట్టి ఇవి అడవిపంది పనికి అనువైనవే. .22 రిమ్‌ఫైర్ మాత్రం అడవిపందికి ఎంత మాత్రం తగదు. మగపంది భుజాలపై మందమైన కవచం వంటి చర్మం ఉంటుంది. శక్తి చాలని గుండు జంతువును గాయపరిచి వదులుతుంది. అది అత్యంత ప్రమాదకరమైన ఫలితం.

ఎక్కువ సమయం ఒకే మంచెపై కూర్చుని, గట్టి ఆధారంతో కాల్చే ఏర్పాటు ఉన్నప్పుడు మధ్యరకం బరువు గల గొట్టం సౌకర్యంగా ఉంటుంది. మోత ఒక్కసారే కనుక బరువు భారం కాదు, వెనుతన్ను తగ్గుతుంది. చేను చుట్టూ నడుస్తూ కాపలా కాసే పద్ధతిలో తేలిక గొట్టమే తగినది.

6. మొదటి గుండు పరీక్ష

గొట్టం నాణ్యతను సాధారణంగా వరుసగా 5 లేదా 10 గుండ్లు కాల్చి, గురి కాగితంపై వాటి చెదురును బట్టి నిర్ణయిస్తారు. ఈ పరీక్షలో బరువైన గొట్టమే నెగ్గుతుంది. కాని మనకు కావలసిన పని అది కాదు. చేను వద్ద గంటల తరబడి చల్లగా ఉన్న గొట్టం నుంచి ఒకే ఒక గుండు వెలువడవలెను. కనుక పరీక్ష కూడా ఆ విధంగానే ఉండవలెను. అనుమతి గల షూటింగ్ రేంజ్‌లో మాత్రమే జరపవలసిన ఈ పరీక్ష క్రమం ఇది:

(అ) 50 మీటర్ల దూరంలో ఒక గురి కాగితం ఉంచి, పొలంలో వాడబోయే ఆధారంతోనే, అదే రకం తూటాతో ఒక గుండు మాత్రమే కాల్చవలెను. కాగితాన్ని భద్రపరచి, వేర్వేరు రోజులలో అదే కాగితంపై మరి నాలుగు సార్లు ఒక్కొక్క గుండు కాల్చవలెను.

(ఆ) ఐదు గుండ్లూ గురి కేంద్రం చుట్టూ 8 సెంటీమీటర్ల వలయంలో ఉంటే, ప్రాణస్థానపు వెడల్పులో దాదాపు సగం మిగులుతుంది. చీకటి, తొందర, జంతువు స్వల్ప కదలిక ఆ మిగులులో ఇముడుతాయి. అలా లేనిచో షూటర్ గాని, రైఫిల్ గాని ఆ పనికి సిద్ధంగా లేనట్లు భావించవలెను.

(ఇ) తరువాత ఒక నిమిషంలో మూడు గుండ్లు కాల్చి చూడవలెను. మూడూ ఒకే దిశలో వరుసగా జరుగుతుంటే వేడి ప్రభావం గాని, చెక్క తాకిడి గాని ఉన్నట్లు. అటువంటి రైఫిల్‌తో రెండు గుండ్లకు మించి వెంటవెంటనే కాల్చరాదు.

(ఈ) గొట్టానికి, కింది చెక్కకు మధ్య ఒక కాగితపు ముక్కను మూతి నుంచి మొదలు వైపుకు జరిపి చూడవలెను. గొట్టాన్ని చెక్కకు తాకకుండా అమర్చిన రైఫిళ్లలో అది అడ్డు లేకుండా పోవలెను. ఖరీఫ్ పంట కాలంలో గాలిలోని తేమకు చెక్క ఉబ్బి గొట్టాన్ని తాకడం సహజం. వేసవిలో సరిచేసుకున్న గురి వానాకాలంలో తప్పడానికి ఇది ఒక ముఖ్య కారణం. అందువలన ఈ పరీక్షను పంట నష్టం జరిగే కాలంలోనే మరల జరపవలెను.

(ఉ) తుప్పు పట్టకుండా గొట్టం లోపల పూసిన నూనెను బయలుదేరే ముందు పొడి గుడ్డతో పూర్తిగా తుడవవలెను. నూనె ఉన్న గొట్టం నుంచి వెలువడే మొదటి గుండు మిగిలిన వాటికి దూరంగా పడవచ్చును.

7. భద్రత, చట్టపరమైన అంశాలు

గొట్టం ఏదైనా, గురి దాటి పోయిన గుండు బాధ్యత షూటర్‌దే. .30-06 గుండు అడ్డు లేకపోతే 3 కిలోమీటర్లకు పైగా పోగలదు. మన గ్రామాలలో అంత దూరంలో మరొక ఊరు ఉండనే ఉంటుంది. నేలపై నిలబడి 1.4 మీటర్ల ఎత్తు నుంచి, 50 మీటర్ల దూరంలో అర మీటరు ఎత్తున గురిపెడితే, తప్పిన గుండు జంతువుకు మరో 28 మీటర్ల ఆవల, దాదాపు నేలకు సమాంతరంగా తాకి ఎగిరిపోయే ప్రమాదం ఉన్నది. మంచెపై నుంచి, మూతి 5 మీటర్ల ఎత్తులో ఉండగా అదే గురి చేస్తే గుండు జంతువుకు 6 మీటర్ల లోపే నేలను తాకుతుంది. దూరం 25 మీటర్లకు తగ్గితే కోణం మరింత నిటారవుతుంది. ఎగిరిపోయే ప్రమాదం దీనితో తగ్గుతుందే గాని పూర్తిగా తొలగదు. రాతి నేల, చెరువు గట్టు, నీటి మడి వైపు కాల్చరాదు. గొట్టం మందం పెంచడం కంటె మంచె ఎత్తు పెంచడం వలన కలిగే క్షేమం ఎన్నో రెట్లు ఎక్కువ.

అడవిపంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో ఉన్న జంతువు. పంటకు నష్టం కలిగిస్తున్నదన్న కారణంతో దానిని తొలగించడానికి ఆ చట్టంలోని 11(1)(బి) సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. ఆయుధానికి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండవలెను. రైతు స్వయంగా తుపాకీ పట్టడం గాని, నాటు తుపాకీ వాడటం గాని తగదు. కంచెకు నేరుగా విద్యుత్తు ఇవ్వడం మరింత ఘోరమైన చర్య. ఆ తీగలకు బలవుతున్న వారిలో పందుల కోసం తీగ కట్టిన రైతులు, వారి ఇరుగుపొరుగువారు కూడా ఉన్నారు.

8. ముగింపు

బరువు, తేలిక గొట్టాలలో ఏది మేలన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఒక విడతలో కాల్చే గుండ్ల సంఖ్య, గురి వెడల్పుకు దూరానికి గల నిష్పత్తి, రైఫిల్‌ను మోసే తీరు అన్న మూడింటినీ వరుసగా ప్రశ్నించుకుంటే సమాధానం దానంతట అదే లభిస్తుంది. గుండ్లు అనేకం, గురి చిన్నది, కూర్చున్న చోటు మారదు అన్నప్పుడు బరువైన గొట్టం. గుండు ఒకటి, గురి పెద్దది, నడక ఎక్కువ అన్నప్పుడు తేలిక గొట్టం. మంచెపై నిలకడగా కాల్చే పద్ధతికి మధ్యరకం.

మన ప్రాంతంలో అడవిపందుల నియంత్రణకు అనుమతి పొందే షూటర్ల వద్ద ఇప్పటికే ఉన్న వేట రైఫిళ్లు గొట్టం బరువు దృష్ట్యా సరిపోతాయి. లోటు ఉన్నది పరీక్షలో, ఆధారంలో, మంచె ఏర్పాటులో. అనుమతి పత్రం ఇచ్చే ముందు వేర్వేరు రోజులలో కాల్చిన ఐదు మొదటి గుండ్ల కాగితాన్ని చూపమని షూటర్‌ను కోరడం ఖర్చు లేని పని. క్షేత్రస్థాయి సిబ్బంది ఈ ఒక్క అలవాటును ప్రవేశపెట్టగలిగితే, గాయాలతో తప్పించుకునే జంతువుల సంఖ్య తగ్గి, తెల్లవారి చేనుకు వెళ్లే రైతుకు, కూలీకి భద్రత కలుగుతుంది.